రాజుకు పెట్టిన బొట్టు

మా అమ్మ కలశానికి కట్టే లక్ష్మి కాసును కరిగించి నాకు కమ్మలు చేయమని ఉప్పల్‌లో అవుసలి చారన్నకు ఇచ్చేసింది. కారణం ఆయనే. మెరుగు పెట్టమని ఇస్తే, వెనక మెత్తిన పాత లక్క తీస్తూ, "అక్కా, గీమె లక్ష్మి కాదు, మొగ మనిషి" అన్నాడట. "ఇన్నేండ్లు మొగోనికి బొట్టు వెట్టిన్నానే!" అని అమ్మ అన్నం కూడా ముట్టలేదు. అమ్మమ్మ నల్గొండ నుంచి తెచ్చిన కాసు అది. అందులో ఉన్నది ఎవరో తెలిసేదాకా కరగనివ్వొద్దనుకున్నాను.

పొద్దున తొమ్మిదిన్నరకు నాచారంలో షేర్ ఆటో ఎక్కి, పదికి చారన్న ముందు నిలబడ్డాను.

"ఐదు దాకనే బిడ్డా. తర్వాత మీ అమ్మ వచ్చి కూసుంటది, నాతోని కాదు" అని కాసు నా చేతిలో పెట్టాడు.

రుమాలులో ముడేసుకుని ఉప్పల్‌లో మెట్రో ఎక్కాను. పాత నాణేలుండే మ్యూజియానికి వెళ్లేవాళ్లు అమీర్‌పేటలో రైలు మారి అసెంబ్లీ దగ్గర దిగాలి. మెట్లు చాలా ఉంటాయి, టిఫిన్ తినే బయలుదేరండి.

పక్క సీట్లో ఒక రాజమండ్రి పెద్దావిడ. "అంత గట్టిగా పట్టుకున్నావేంటమ్మా?" అంటే చూపించాను. తిప్పి చూసి కళ్లకద్దుకుంది.

"అమ్మవారు ఎంత బాగుందో!"

"గది మొగాయన అట, ఆంటీ."

"నీ మొహం! ఈ పక్క చూడు."

ఇన్నాళ్లూ లక్క కింద ఉన్న వైపు. నిలబడిన ఆడమనిషి, చేతిలో పెద్ద కొమ్ము. పుట్టి బుద్ధెరిగి నేనా వైపు చూడలేదు.

పన్నెండింటికి నాణేల గది చేరాను. అద్దాల వెనక అచ్చం మా కాసులాంటివే, వాటికీ రెండేసి బెజ్జాలు. అక్కడి మేడం భూతద్దం పెట్టి చూసింది.

"రోము దేశపు బంగారం. ఎప్పుడో వ్యాపారంల వచ్చింది, మనోళ్లు దండకు గుచ్చుకున్నరు. ఇటు వాళ్ల రాజు. ఇటు వాళ్ల సమృద్ధి దేవత. కొమ్ము నిండ పండ్లు, పూలు."

"మరి రాజుకు బొట్టు వెట్టినం గద మేడం. తప్పా?"

ఆమె నవ్వింది. "సచ్చినంక కొందరు రాజులను వాళ్లే దేవుళ్లను జేసి మొక్కిన్రు. మీ అమ్మదొక్కదే తప్పయితదా?"

బయట పులిహోర తిని, రెండున్నరకు తిరుగు రైలెక్కాను. ఉప్పల్ చేరేసరికి నాలుగు. అమ్మ అప్పటికే దుకాణంలో ఉంది, కుంపటి అంటుకుని ఉంది.

"ఇటియ్యి. కమ్మలొద్దా నీకు?"

"వద్దు. ఫస్టు గిటు సూడు."

అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "అయ్యో తల్లీ, నిన్ను లక్కతోని మూసిపెట్టినమా!" చారన్న బంగారం కరిగించే మూస పక్కన పెట్టేశాడు.

నాచారం ఆటోలో కాసు అమ్మ పిడికిట్లోనే ఉంది. ఆ తల్లి సముద్రాలు దాటి వచ్చి మా ఇంట్లోనే ఉంటే, ఆమె మొహం చూడటానికి నేను రెండు రైళ్లు ఎక్కాల్సి వచ్చింది.

"ఇగ రాజుకు బొట్టు బంద్ జేస్తవా?" అని అడిగాను.

"ఎందుకే? ఇద్దరికీ వెడ్త" అంది అమ్మ. "పాపం, అలవాటైండు."