మాస్టారి అవసరం

వరదరాజులు మాస్టారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది పక్కింటి పద్మావతి. అప్పుడు నేను దేవుడి గదిలో సాంబ్రాణి వేస్తున్నాను. ఘాటైన ఆ పొగలో కాసేపు గోడలు కనబడలేదు. నా పదమూడో ఏట, ఒక చవక సినిమా సెట్టు గురించి ఆయన అన్న మాట గుర్తొచ్చింది: “గోడ కట్టేదానికి దుడ్డు లేక పొగ వదిలినారు పాపా. ఇంక ఆ పొగలో ఎవరైనా ఉండచ్చు. అదే దాంట్లో ఉండే అందం.”

యాభైలలో మేము మద్రాసు వాషర్‌మెన్‌పేటలో ఉండేవాళ్లం. బెజవాడ నుంచి వచ్చిన మా నాన్న నన్ను బడికి పంపక, ఇంట్లోనే ఇంగ్లీషు చెప్పడానికి మాస్టారిని పెట్టారు. ఆయనది తరతరాలుగా మద్రాసులో ఉన్న తెలుగు కుటుంబం. మాటల్లో సగం అరవమే. ఆదివారం పాఠం కాగానే ఉదయం ఆటకు పరుగెత్తేవారు. ఆడేవి పాత ఇంగ్లీషు డిటెక్టివ్ సినిమాలు, గంటలో ముగిసే చవక రకం. మా ఇంట్లో సినిమా పేరెత్తకూడదు. అందుకే సోమవారం గొంతు తగ్గించి, ఆ కథ ఇంగ్లీషులో చెప్పి, హంతకుడి దగ్గర ఆపేవారు. “అన్ని సినిమాల్లోనూ అదే మెట్లు, అదే తలుపు. పోయిన వారం చచ్చినోడు ఈ వారం ఇన్‌స్పెక్టరై వచ్చినాడు” అని మురిసిపోయేవారు.

“వంటవాడే చంపాడండీ” అన్నాను ఒకసారి. “వాడి చూపు బాగోలేదు.”

మాస్టారు తన దళసరి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “చూపు బాగలేనోళ్లని పట్టుకుంటే ముందు నన్నే పట్టుకోవాల. ఆధారం చెప్పు.”

ఒక ఆదివారం ఆయన వెళ్లాక చూస్తే దేవుడి గదిలో వెండి గంట లేదు. ఆ ఉదయం అక్కడ దణ్ణం పెట్టుకున్న బయటి మనిషి ఆయనొక్కరే. నాన్న నన్ను పిలిచారు.

“వెళ్తూ ఏమన్నాడు?”

“అవసరం, పోవాల అన్నారు నాన్నా.”

“ఓహో. అంత అవసరమొచ్చిందా.”

అరవంలో అవసరమంటే తొందర. మాస్టారు ఆ మాట ఎప్పుడూ ఆ అర్థంలోనే వాడతారని నాకు తెలుసు. అది చెబితే, తొందర ఎక్కడికని నాన్న అడుగుతారు. సినిమా సంగతి బయటపడితే నా చదువు ఆగిపోతుంది. నోరు విప్పలేదు. మర్నాడు నాన్న ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి ఇక రావద్దన్నారు. మాస్టారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. “సరి, సరి” అంటూ చెప్పులేసుకున్నారు.

నాలుగు రోజులకు గంట దొరికింది, సముద్రంలో కలపడానికి మూటగట్టిన నిర్మాల్యం పూల మధ్య. ఆ మూట కట్టింది నేనే. నాన్న వెళ్లి ఆయన చేతులు పట్టుకున్నారు. మాస్టారు “పోనీండి” అన్నారట, కానీ మళ్లీ రాలేదు. తరవాత అంబత్తూరులో ఉంటున్నారని తెలిసీ, ఆ మాటకు అర్థం దాచానని ఒప్పుకోవడానికి నేను ఒక్కనాడూ వెళ్లలేదు.

ఈనాడు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చదవగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఎవరి మీదైనా నింద వినబడితే, ఆధారం ఏమిటని అడగకుండా ఉండలేను. ఇది చదివేవారిని ఒకటే వేడుకుంటాను. మీరు దేవుడి ముందు చేతులు జోడించినప్పుడు వరదరాజులు మాస్టారిని ఒక్కసారి తలుచుకోండి. ఆయన మా ఇంట్లోంచి ఏమీ తీసుకుపోలేదు.