మట్టికోట చుట్టూ నలభయ్యో రోజు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. టీ చల్లారినా ఫరవాలేదు, మళ్ళీ వెచ్చబెట్టి ఇస్తాను. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

ముందే ఒక మాట. దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చదివింది నాలుగో తరగతే అయినా, తెల్లవారకముందే శ్మశానం పక్క దారిన పాలు పోసి వచ్చేదాన్ని. ఒహాయోకి వచ్చి పద్నాలుగేళ్ళయింది. మా ఆయన గుడిలో వంట చేస్తారు, నేను కూరలు తరుగుతాను. ప్రసాదం వండే చేతులకి భయమేమిటని ఆయనే నవ్వేవారు.

కిందటేడు వేసవిలో ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. రోజూ ఒక గంట, ఎత్తుపల్లాలు లేని చోట మెల్లగా నడవమన్నాడు డాక్టరు. గుండె పట్టేస్తే నాలుక కింద పెట్టుకోవడానికి మాత్రల సీసా ఒకటి ఇచ్చి, దీన్ని వదిలి ఎక్కడికీ వెళ్ళొద్దన్నాడు. ఆయన కళ్ళజోడు ఎక్కడ పెట్టారో ఆయనకే తెలియదు. అందుకని సీసా నా సంచీలో ఉండేది, నేను ఆయన పక్కన ఉండేదాన్ని.

పక్కింటి శ్రావణి కరీంనగర్ అమ్మాయి. ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటుంది. మధ్యాహ్నం పూట మమ్మల్ని కార్లో ఒక చిన్న కొండ మీదికి తీసుకెళ్ళేది. పైన అంతా చదును. ఆ చదును చుట్టూ మనిషెత్తు మట్టిగోడ, దాని మీద గడ్డీ చెట్లూ. రెండు వేల ఏళ్ళ కిందట ఈ నేల మనుషులు గంపలతో మట్టి మోసి కట్టారట. గోడకి బయట, దాన్ని ఆనుకునే గుండ్రంగా నడకదారి. పక్కదారులు లేవు. ఎక్కడ బయల్దేరితే ఇరవై నిమిషాలకి అక్కడికే వస్తాం. గోడలో ఒకచోట వాకిలిలా ఖాళీ ఉంది. అక్కడొక చెక్క బెంచీ, దానికి ఎదురుగానే కార్లు ఆపే చోటు.

మొదటిరోజు శ్రావణి అక్కడున్న బోర్డు చదివి చెప్పింది. "దీన్ని ఫోర్ట్ అంటరు కానీ, ఎందుకు కట్టిన్రో ఎవరికీ తెల్వదట ఆంటీ. కందకం గోడకి లోపలి సైడ్ ఉంది. శత్రువుల కోసమైతే బయట తవ్వాలె కదా."

మా ఆయన చారులో ఉప్పు చూసినంతసేపు ఆలోచించారు. "అయితే లోపలున్నది బయటికి రాకుండా కట్టుంటారు."

"అంకుల్, మీరట్ల పోతరు, ఈడ కార్ల ఒక్కదాన్నే మీటింగ్ చేసుకోవాలె నేను. భయపెట్టకండి."

నవ్వుకున్నాం.

ఆ తర్వాత పొరపాటు నాదే. గుండ్రంగా తిరిగేది ఏదైనా మనకి ప్రదక్షిణమే కదా. ఎలాగూ నడుస్తున్నాం, మీ గుండె బాగుండాలని మొక్కుకుని ఒక మండలం పెట్టుకుందాం, నలభై రోజులు, రోజుకి మూడు చుట్లు, మధ్యలో కూర్చోకుండా, అన్నాను. ఆయన లెక్క దగ్గర మొండిమనిషి. సరేనన్నారు. గోడ కుడిచేతి వైపు ఉండేలా రోజూ తిరిగేవాళ్ళం. నడిమధ్య ఏముందో ఒక్కనాడూ లోపలికి వెళ్ళి చూడలేదు.

నలభయ్యో రోజుకి చలికాలం వచ్చేసింది. ఆ వేళ మబ్బుగా ఉంది. నా మోకాలు వాచింది. "నువ్వు కూర్చో. ఇవాళ్టితో అయిపోతుందిగా, నేనొక్కణ్ణే తిరిగేస్తాను" అన్నారు. సరిగ్గా మూడు గంటలు. ఆకుపచ్చ శాలువా కప్పుకుని, బెంచీ కుడి చివర, దారి వైపు ముఖం పెట్టి కూర్చున్నాను. ఆయన మలుపు తిరిగాక గుర్తొచ్చింది, సీసా నా ఒళ్ళోని సంచీలోనే ఉందని. కేకేశాను, వినపడలేదు. ఒక చుట్టు తిరిగి వస్తారుగా, అప్పుడిద్దామనుకున్నాను.

మూడూ ఇరవై అయింది. రాలేదు. మూడున్నర దాటింది. దారి మీంచి కళ్ళు తిప్పలేదు నేను. ఉడత దాటినా చూశాను. సన్నగా మంచు మొదలైంది. ఎక్కడో గుండె పట్టుకుని పడిపోయారనుకున్నాను. శ్రావణి కార్లో మీటింగులో ఉంది, పిలవాలని కూడా తట్టలేదు. వెనకాల వెళ్తే ఎప్పటికి అందుతాను, ఎదురెళ్తే తొందరగా కలుస్తానని ఆయన రావాల్సిన వైపు నడిచాను. ప్రదక్షిణానికి ఎదురు తిరగకూడదని తెలుసు. ఆ క్షణంలో శాస్త్రం ఎవరిక్కావాలి.

ఉన్నది ఒకే దారి. ఆయన ఎదురు రావాలి, లేదా పడి ఉండాలి. రెండూ లేవు. దారంతా పిండి జల్లినట్టు మంచు పడింది. దాని మీద ఒక్క అడుగుజాడ లేదు. "ఏవండీ" అని పిలిస్తే నా పిలుపు గోడ అవతల నుంచి, కాస్త ఆలస్యంగా, మళ్ళీ వినిపించింది. ఆ తర్వాత పిలవలేదు.

వాకిలి కనిపించేసరికి నాలుగు. బెంచీ దగ్గర ఆయన ఒక్కరే ఉన్నారు. పక్కకి చూసి ఏదో అంటూ కూర్చోబోతున్నారు. అరిచాను. ఆయన తల తిప్పి నన్ను చూశారు. బెంచీని చూశారు. మళ్ళీ నన్ను చూశారు. ముఖాన నెత్తురు చుక్క లేదు. పరిగెత్తి మాత్ర తీసి నాలుక కింద పెట్టాను.

కార్లో కూర్చోబెట్టాక మెల్లగా చెప్పారు. "మొదటి చుట్టు తిరిగొచ్చేసరికి నువ్వు దారికి వీపు పెట్టి, లోపలికి చూస్తూ కూర్చున్నావు. పిలిస్తే పలకలేదు, నొప్పికి విసుగేమో అనుకున్నా. రెండోసారి గుండెలో పట్టింది. మాత్ర ఇయ్యవే అంటే, ఇటు తిరక్కుండానే, పక్కన కూర్చోమని బెంచీ మీద తట్టావు. మూడు పూర్తవందే కూర్చోకూడదని పెట్టింది నువ్వేగా అని కోపమొచ్చి ముందుకెళ్ళిపోయా. నొప్పి దానంతటదే సర్దుకుంది. మూడోసారి వచ్చేసరికి ఎడమ చివరికి జరిగి నాకు చోటిచ్చావు."

"నేనేనా?"

"నీ శాలువాయేనే. ఆకుపచ్చది."

అది నా భుజాల మీదే ఉంది.

శ్రావణి అద్దంలోంచి మా ఇద్దర్నీ చూసింది. "మీరు లేచిందెప్పుడు ఆంటీ? మీటింగ్ అయినంక నేను బెంచ్ దిక్కే చూస్తున్న. మీరాడనే కూసున్నరు కదా."

కారు దిగి, నాలుగడుగులు వేసి బెంచీని చూశాను. నేను కూర్చున్న కుడి చివర మంచు పడి ఉంది. నడుమ కూడా ఉంది. ఎడమ చివర మాత్రం ఒక మనిషి కూర్చునే మేర చెక్క పొడిగా ఉంది. ముట్టుకుని చూడలేదు.

ఏడాది దాటింది. ఆయన కులాసాగా ఉన్నారు, మళ్ళీ గుడికి వెళ్ళి పులిహోర కలుపుతున్నారు. ఆ కొండ వైపు మళ్ళీ పోలేదు. గుండెకి రక్తం సరిగా అందకపోతే లేనివి కనిపిస్తాయని డాక్టరన్నాడు. కావచ్చు. మరి శ్రావణి గుండెకేమైంది? నలభై రోజులు ఎవరి చుట్టూ తిరిగామో, నా మొక్కు ఎవరు విన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక్కటే మారింది. ఇంట్లో నేను అటు తిరిగి కూర్చుంటే ఆయన వచ్చి పక్కన కూర్చోరు. చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి, ముఖం చూసి, అప్పుడు కూర్చుంటారు.

టీ తాగండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి ఆరకూడదు. మీ పక్కన చోటడిగేవాళ్ళూ, మీకు చోటిచ్చేవాళ్ళూ ఎప్పుడూ మీవాళ్ళే అయి ఉండాలి.