ఫస్టు వచ్చిన డాక్టరు గారు

ఆ రోజుల్లో అనగానే మీరు లాంతర్ల కాలందాకా వెళ్ళనక్కర్లేదు. కరోనా తగ్గిపోయి, మాస్కులు మాత్రం ఇంకా దండేల మీద ఆరుతున్న రోజులవి. అప్పుడే బి.ఫార్మసీ పూర్తిచేసి, బందర్లో మా ఇంటి గుమ్మంలో కూర్చుని, లోకం నన్ను పిలవడానికి ఎందుకింత ఆలస్యం చేస్తోందా అని తీరిగ్గా ఆశ్చర్యపోతూ ఉండేవాణ్ణి. ఆ వయసులో మనిషికి తొలిచూపులోనే ప్రేమ పుడుతుందంటారు. నాకు అసూయ పుట్టింది. తొలిచూపులోనే, అదీ ఒక మగవాడి మీద.

విజయవాడ నుంచి ఒక ప్రొఫెసర్ మేడం మా వైపు పరిశోధన మొదలుపెట్టారు. డాక్టర్లు మందులు ఎలా రాస్తున్నారు, ఇంకాస్త మెరుగ్గా ఎలా రాయించవచ్చు అన్నది విషయం. జలుబుకీ, రెండ్రోజుల్లో దానంతటదే పోయే జ్వరానికీ కూడా యాంటిబయాటిక్ రాసేస్తున్నారని, ఇలా అయినదానికీ కానిదానికీ వాడేస్తే రేపు నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ మందు పనిచెయ్యదని ఆవిడ దిగులు. క్లినిక్కుల బయట కూర్చుని, రోగుల్ని అడిగి, వాళ్ళ మందుల చీటీలకు ఫోన్లో ఫోటోలు తియ్యడం నా ఉద్యోగం. మా అమ్మ ఈ సంగతి క్లుప్తంగా, "మావాడు చీటీల్లో చేస్తున్నాడండీ" అని వీధంతా చెప్పింది. దాంతో నెలరోజులపాటు నన్ను చూసినవాళ్ళందరూ పాట ఎప్పుడని అడిగారు. (డాక్టర్ల దస్తూరీ చదవడం మొదలుపెట్టాక, పాడుకునే చీటీలే నయమని నాకూ అనిపించింది.)

నాతోపాటే చేరినవాడు అవనిగడ్డ బావ. మాకు ఏ చుట్టరికమూ లేదు. మొదటిరోజే వచ్చి భుజం మీద చెయ్యేసి "ఏం బావా, భోంచేశావా?" అన్నాడు, అంతటితో బావ అయిపోయాడు. ఏ క్లినిక్కుకి వెళ్ళినా నన్ను "బయట కూర్చోండి" అనే కాంపౌండరే, అతన్ని చూడగానే "రండి రండి, టీ చెప్పనా" అనేవాడు. నేను అడిగితే చీటీని కొంగులో దాచేసుకునే ముసలమ్మలు, అతనికి చీటీతోపాటు కోడలి సంగతులు కూడా చెప్పేవాళ్ళు. ఒకసారి దివిసీమ నుంచి వస్తూ మా ఇంటికి అరటిపళ్ళు తెచ్చాడు. అతను గేటు దాటాడో లేదో, "చూడు, ఎంత పద్ధతైన పిల్లాడో! నువ్వు పుట్టి బుద్ధెరిగి ఎవరింటికైనా ఒక్క పండు పట్టికెళ్ళావా?" అంది అమ్మ. పళ్ళు తిన్నాను. తియ్యగానే ఉన్నాయి. కనీసం ఒక్కటైనా వగరుగా ఉండకపోతుందా అని అత్తంలో చివరి పండుదాకా వెతికాను.

ఇంతలో మేడం ఒక మాట చెప్పారు. ఏడాది తర్వాత ప్రాజెక్టులో ఒక్కరికే చోటుంటుందట. ఆ ఒక్కరూ ఆవిడతో ఢిల్లీ వెళ్ళి, పెద్ద పెద్దవాళ్ళ ముందు మా పని గురించి చెప్తారట. "మీ ఇద్దరిలో ఎవరన్నది పని చూసి చెప్తాను" అన్నారు. ఢిల్లీ అంటే నాకు పెద్ద మోజేమీ లేదు. బావ వెళ్ళకపోతే చాలనుకున్నాను.

పరిశోధనలో రెండో అంకం కార్డులు. ప్రతి డాక్టరుకీ నెలనెలా ఒక కార్డు ఇస్తాం. మిగతా డాక్టర్లతో పోలిస్తే తాను యాంటిబయాటిక్స్ ఎంత రాస్తున్నాడో అందులో ఉంటుంది. ఎవరి కార్డు వాళ్ళదే, పక్కవాళ్ళ పేర్లు ఉండవు. చూసుకుని వాళ్ళే తగ్గించుకుంటారని ఆశ. బావ చక్కటి గీతలతో ఒక బొమ్మ వేసి చూపించాడు. మేడం "గుడ్" అన్నారు. ఆ మాట నాకు గొంతులో చేపముల్లులా దిగింది. "గీతలు ఎవరు చూస్తారండీ మేడం? ర్యాంకు వేద్దాం. మన కృష్ణాజిల్లాలో ర్యాంకు అంటే పడుకున్నవాడు కూడా లేచి కూర్చుంటాడు" అన్నాను. మేడం కాసేపు ఆలోచించి "వెరీ గుడ్" అన్నారు. బావ కంటే నాకు ఒక 'వెరీ' ఎక్కువ వచ్చింది. ఆ ఊపులో, ప్రింటుకి వెళ్ళినచోట అంకెని అరచెయ్యంత చేయించాను. 'యాంటిబయాటిక్స్ రాయడంలో మీ స్థానం' అన్న ముక్క చీమ తలకాయంత అయి అడుగుకు చేరింది. బావ "అక్షరాలు కనపడాలి కదా బావా" అన్నాడు. కుళ్ళుకుంటున్నాడని సంతోషించాను.

దివిసీమ అతనికి, గుడివాడ వైపు నాకు వచ్చాయి. గుడివాడలో ఒక పెద్ద డాక్టరు గారున్నారు. ఆయన హస్తవాసి ఎలాంటిదంటే, చీటీ రాయించుకుని జేబులో పెట్టుకుంటే చాలు, కొనకుండానే జ్వరం దిగిపోతుందని చెప్పుకునేవారు. ఆయన కార్డు మీద '1' అని ఉంది. అంటే మాతో చేరినవాళ్ళందరిలోకీ ఎక్కువ యాంటిబయాటిక్స్ రాసేది ఆయనే. పాపం, పెద్దమనిషి, సిగ్గుతో ఏమైపోతారోనని బెంగపడుతూ అందించాను.

ఆయన చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఫస్టా?"

"అవునండి. అంటే..."

"ఒరేయ్ కాంపౌండరూ! లడ్డూలు పట్రా! ఇంటర్లో పోయింది, ఎంబీబీఎస్‌లో పోయింది, ఇన్నాళ్ళకి వచ్చిందిరా ఫస్టు!"

"డాక్టరు గారూ, అది అలా కాదండి..."

"నోరు తెరువు ముందు."

మాట చెప్పడానికి తెరిచిన నోట్లో బందరు లడ్డూ పెట్టారు. తొక్కుడు లడ్డూ గురించి తెలిసినవాళ్ళు నా పరిస్థితి అర్థం చేసుకోగలరు. అంగిట్లో పట్టుకుందంటే నీళ్ళు తాగిందాకా సత్యం బయటికి రాదు. ఈలోగా ఆయన పామర్రులో ఉన్న తన క్లాస్‌మేటు డాక్టరుకి ఫోన్ కొట్టారు.

"ఏరా, కార్డొచ్చిందా? నీకెంత?"

అవతలివైపు నుంచి "పదకొండు" అని నీరసంగా వినపడింది.

"పదకొండా! చిన్నప్పట్నుంచీ అంతేరా నువ్వు. ఇప్పటికైనా కష్టపడు!"

నా గొంతు దారికి వచ్చేసరికి బయట రోగులకు లడ్డూలు పంచేస్తున్నారు, కార్డు గోడెక్కేసింది. లడ్డూ తిన్నవాళ్ళ ముందు డాక్టరు గారి పరువు తియ్యడం నాకు సభ్యత అనిపించలేదు. మంచినీళ్ళు తాగి, దణ్ణం పెట్టి బస్సెక్కాను.

పామర్రు డాక్టరు గారు నిజంగానే కష్టపడ్డారు. మరుసటి నెలకి పదకొండు నుంచి నాలుగుకి వచ్చారు. ఆ కబురు ఎలా పాకిందో గానీ, ఆ చుట్టుపక్కల తుమ్మినవాడికల్లా యాంటిబయాటిక్ రాయడం మొదలైంది. అటు దివిసీమలో బావ ఒక్కో డాక్టరు దగ్గరా కూర్చుని, "అంకె చూసి మోసపోకండి మావయ్యగారూ, మందు తగ్గితేనే గొప్ప" అని నోటితో చెప్పి, కొబ్బరినీళ్ళు తాగి వచ్చేవాడు. అక్కడ మందులు బుద్ధిగా తగ్గాయి.

మేడం బందరు వచ్చి లాప్‌టాప్ తెరిచారు. "ఒకటే కార్డు. అటు తగ్గింది, ఇటు పెరిగింది. నా సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు" అన్నారు. తర్వాత అసలు కార్డు చేతిలోకి తీసుకున్నారు. "ఈ అంకెని ఇంత చేసిందెవరు?"

ఢిల్లీ రైలు నా కళ్ళముందు నుంచే కదులుతోంది. అప్పుడు బావ లేచాడు.

"నేనేనండి మేడం. కనపడుతుంది కదా అని పెద్దది చెయ్యమన్నాను."

చూశారా మంచితనం! నా మెడ మీది కత్తిని తన మెడ మీద పెట్టుకుంటున్నాడు. ఇంకొకరైతే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అరటిపళ్ళు అతనివే, టీ అతనిదే, మా అమ్మ కూడా అతని పక్షమే. నా బతుకులో నేను సొంతంగా చేసింది ఆ ఒక్క తప్పు. దాన్ని కూడా పట్టుకుపోతాడా?

"అబద్ధం మేడం!" అని అరిచాను. "ఆ ఐడియా నాది. పూర్తిగా నాదే. ఇతనికి ఏమీ సంబంధం లేదు. కావాలంటే ప్రింటు షాపు అతన్ని అడగండి!"

"కాదండి మేడం, బావ నన్ను కాపాడదామని..."

"నువ్వూరుకో బావా! నాదంటే నాదే!"

మేడం మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. లడ్డూ సంగతితో సహా మొత్తం చెప్పించుకున్నారు. చెప్పడం అయ్యేసరికి ఆవిడ కళ్ళజోడు బల్ల మీద ఉంది, నవ్వాపుకోలేక చీరకొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. "ర్యాంకు ఉంచుదాం" అన్నారు చివరికి. "తిరగేసి వేద్దాం. అవసరం లేని మందు రాయకపోవడంలో స్థానం అని, పెద్దక్షరాల్లో. నువ్వు మాత్రం గుడివాడ వెళ్ళి ఆయనకి చెప్పిరా."

వెళ్ళాను. ఈసారి ముందే నోరు చేత్తో మూసుకుని చెప్పాను. ఆయన గోడ మీది కార్డు వైపు చూశారు. ఇక నా చెంప పగులుతుందనుకున్నాను.

"అంటే నేను లాస్టా?"

"ఒకరకంగా అంతేనండి."

"పామర్రువాడు?"

"ఆయన కూడా దిగజారారండి. కానీ మీకంటే ఇంకా మూడు మెట్లు పైనే ఉన్నారు."

"వాడు! నాకంటే!"

ఆ మాటలో ఉన్న మంట నాకు బాగా తెలిసినదే. ఆయన మీద ఒక్కసారిగా అభిమానం పుట్టుకొచ్చింది. ఆ రోజు నుంచి జలుబుతో వచ్చినవాళ్ళకు "వేణ్ణీళ్ళు తాగు, పడుకో, మూడ్రోజుల్లో తగ్గకపోతే రా" అనడం మొదలుపెట్టారు. అవసరమైనవాళ్ళకు మాత్రం రాసేవారు. మామూలు జ్వరాలు దారిన అవే పోయాయి. "చూశారా హస్తవాసి! ఇప్పుడు చీటీ కూడా అక్కర్లేదు, చెయ్యి పట్టుకుంటే చాలు" అన్నారు గుడివాడ జనం. ఏడాది తిరిగేసరికి తిరగేసిన కార్డులో ఆయనే ఫస్టు. పామర్రుకి ఫోన్ చేశారని వేరే చెప్పనక్కర్లేదు.

ఢిల్లీ బావే వెళ్ళాడు. "నిన్ను పంపిస్తే అక్కడెవరికో ఫస్టు ఇచ్చేసి వస్తావు" అన్నారు మేడం, కాస్త నొచ్చుకుంటూనే. స్టేషనుకి వెళ్ళి రైలెక్కించాను. అరటిపళ్ళు కూడా పట్టికెళ్ళాను. (అమ్మ పంపింది.)

ఇప్పుడు ఇక్కడే ఒక కాలేజీలో ఫార్మసీ పాఠాలు చెప్పుకుంటున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నాకంటే చిన్నవాళ్ళు, "సార్" అంటారు. అసూయ పడదామంటే చేతికి అందే ఎత్తులో ఒక్క మనిషి లేడు. మొన్న బావ ఫోన్ చేశాడు. మా పని గురించిన వ్యాసం అచ్చయిందట. "ఆ ర్యాంకు లేకపోతే వ్యాసమే లేదు బావా. రాసినవాళ్ళలో నీ పేరూ ఉంది, పంపించాను చూడు" అన్నాడు. చూశాను. మొదటి పేరు అతనిది, రెండోది నాది.

గొంతులో ఎక్కడో పాత చేపముల్లు కదిలింది. ఎన్నాళ్ళయింది దాన్ని చూసి! మందు అక్కర్లేదనిపించి, కాసిని వేణ్ణీళ్ళు తాగి, తిరిగి ఫోన్ చేశాను.

"ఫస్టు వచ్చావని మురిసిపోకు బావా" అన్నాను. "ఒకసారి గుడివాడ వెళ్ళి, ఫస్టంటే ఏమిటో కనుక్కో."