ముప్పై మూడు కోట్ల పైచిలుకు

డిగ్రీ రెండో సంవత్సరంల ఉన్నప్పుడు నాకు అంకెల వరుస ఒకటి దొరికింది. 31, 331, 3331. ఎన్ని మూడ్లు రాసి చివర ఒకటి పెట్టినా అది ప్రధాన సంఖ్యే అయితున్నది. అంటే ఒకటితోని, దానితోని తప్ప ఇంక దేనితోని భాగించినా ఎంతో కొంత మిగులుతది. కాలిక్యులేటర్ అప్పటికి నేను కండ్ల జూడలె. పురానాపూల్‌ల మా ఇంటి అరుగు మీద కూసోని పలక మీద భాగారాలు చేసిన. ఎనిమిదంకెల దానికే ఎండకాలం సెలవులన్ని పోయినయి. అది గూడ ప్రధానమే అని తేలింది. తొమ్మిదంకెల దాన్ని ముట్టుకోలె. ఇన్ని అయినంక అదొక్కటి ఎందుకు కాదు అనుకున్న.

కాలేజీల లెక్కల సభ పెడితే మాట్లాడుత అని పేరిచ్చిన. బాపు బస్సు డిపోల మెకానిక్. నాలుగో తరగతి దాకనే సదివిండు. ఆ దినం సెలవు పెట్టి, ఇస్త్రీ అంగీ తొడుక్కోని ముందు వరసల కూసున్నడు.

బోర్డు మీద 333333331 రాసి, "ఇది గూడ ప్రధాన సంఖ్యనే" అని చెప్పిన. ముప్పై మూడు కోట్ల పైచిలుకు అనంగనే బాపు పక్కాయనతోని, "దేవతలు ఎంతమందో గంత" అన్నడు. కొందరు నవ్విన్రు.

మా లెక్కల మేడం గుంటూరు దిక్కు నుంచి వచ్చినామె. మెల్లగ అడిగింది. "దీన్ని పదిహేడుతో భాగించి చూశావా అమ్మా?"

"లేదు మేడం."

"ఇప్పుడు చెయ్యి."

అందరి ముంగట మొదలువెట్టిన. సుద్దముక్క చెమటకు జారుతున్నది. ఒక్కొక్క అంకె దించుకుంట పోయిన. ఆఖరికి యాభై ఒకటి వచ్చింది. పదిహేడు మూళ్ల యాభై ఒకటి. శేషం సున్న.

అప్పుడు బాపు ఒక్కడే లేచి చప్పట్లు గొట్టిండు. అంత పెద్ద లెక్క ఏం మిగలకుండ చేసిన అనుకున్నడు. వెనక ఎవరో పక్కున నవ్విన్రు. నేను బోర్డు దిక్కే తిరిగి నిలబడ్డ. ముఖం కాలిపోతున్నది. తప్పు చెప్పినందుకో, ఆ చప్పట్లకో నాకే తెలువలె.

ఇంటికి నడుచుకుంట వస్తుంటే హుస్సేనీ ఆలం గల్లీల బాపు అన్నడు. "మంచిగ చేసినవ్ బిడ్డా. ఏం మిగలలె."

"మిగలాలె బాపు. మిగిలితెనే నేను చెప్పింది నిజం."

ఆయన నడుస్తనే ఉన్నడు. జరసేపటికి, "అయితే నేను చప్పట్లు గొట్టుడు..." అని ఆగిండు.

"ఏం గాదు బాపు" అన్న, ఆయన దిక్కు చూడకుండ.

మర్నాడు క్లాసుకు పోలె. తర్వాత మేడమే పిలిపించింది. వరుస యాడ తప్పుతదో కనిపెట్టుడు గూడ లెక్కనే అని చెప్పి, అదే మళ్ల రాసుకరమ్మన్నది. రాసిన. తరువాతి సభల చదివిన. బాపు వచ్చిండు గని ఈసారి వెనక గోడ పొంటి కూసున్నడు. నేను ముగించినంక ఆయన చేతులు మోకాళ్ల మీదనే ఉన్నయి. ఇటు చూసిండు, అటు చూసిండు. అందరు కొట్టుడు మొదలువెట్టినంక తాను గూడ, సప్పుడు రాకుండ కొట్టిండు. మేడం ఏందో మెచ్చుకుంటున్నది. నాకు తల ఎత్త బుద్ధి కాలె.