ఎర్మీనియా గదిలో పదకొండు మంది కాపురం

మేం గౌరవంగా దోన్య అని పిలిచే ఎర్మీనియా ముప్ఫై ఏళ్ళు మయగుయేస్ ఊళ్ళో చేతితొడుగులు కుట్టింది. వేళ్ళు వంకర్లు పోయాక భర్త క్రిస్పీన్‌తో కలిసి మా ఎహీదాలో చేరింది. ముసలివాళ్ళ అద్దెలో సగం పైగా ప్రభుత్వమే భరించే మేడ అది. వాళ్ళది ఒంటిగది. పక్కగది నాది.

మార్చిలో క్రిస్పీన్ పోయాడు. ఆచారం ప్రకారం తొమ్మిది సాయంత్రాలు ఆమె గదిలో జపమాల చెప్పుకున్నాం. బయటినుంచి పదకొండు మంది వచ్చేవారు. కింద కాపలా బల్ల దగ్గర పుస్తకంలో వచ్చిన వేళ రాశారు గానీ, వెళ్ళిన వేళ ఒక్కరూ రాయలేదు. చావింటినుంచి కదిలేటప్పుడు 'వెళ్ళొస్తాం' అంటే ఇంకో చావు వెంటపడుతుందని మావాళ్ళ భయం. నోటితో అననిది సంతకంతో ఎలా అంటారు?

మేనేజరు రోలాండో ఆ పుస్తకం చదివాడు. పరామర్శకు రానివాడు తలుపుకు నోటీసు అంటించడానికి మాత్రం వచ్చాడు: అనుమతి లేకుండా పదకొండు మంది తొమ్మిది రోజులు కాపురమున్నారు, నెలలోగా ఖాళీ చెయ్యాలి. సిస్టర్ల బడిలో నాకు నరకం గురించి చాలా చెప్పారు గానీ, ఇలాంటివాడికి అక్కడ ఏ మూల కేటాయించారో చెప్పలేదు.

ఎర్మీనియా ఏడవలేదు. అద్దె ఒప్పందం నా చేతిలో పెట్టింది.

"చదువు మోంచో. అబద్ధాలు కలపకుండా చదువు."

చదివాను. ఖాళీ చేయించేముందు మేనేజరు ఆమె మాట వినాలి. వెంట ఎవరినైనా తెచ్చుకోవచ్చు. కోర్టు చెప్పకుండా బయటికి నెట్టకూడదు.

"ఎవరినైనా అంటే ఎంతమందినైనానా?"

"లెక్క రాయలేదు."

నాతోపాటు ఆ పదకొండు మందినీ రోలాండో ఆఫీసుకు తీసుకెళ్ళింది. రోలాండో మొహం చిట్లించాడు.

"ఇంతమందా? గాలి ఆడట్లేదు!"

"నా గది ఇంతకన్నా చిన్నది నాయనా. వీళ్ళంతా అందులో ఎలా పడుకున్నారో నువ్వే చెప్పు. ఇదిగో, ఈ పెట్రోనా ఒక్కతే నా మంచమంత వెడల్పు."

"మధ్యలో నన్నెందుకే!" అంది పెట్రోనా.

రోలాండో ఇంకో కాగితం ముందుకు తోశాడు. "సరే, ఈసారికి క్షమిస్తున్నాం. తప్పు చేశానని సంతకం పెట్టండి."

"పెడితే?"

"ఫైల్లో ఉంటుంది. మళ్ళీ జరిగితే పనికొస్తుంది."

క్షమాపణలో కూడా ఉచ్చు దాచే చేతులవి. అయినా, ఆమె వీధిన పడుతుందేమోనని నేను గొణిగాను, "పెట్టెయ్, పీడ పోతుంది."

బొద్దింకను చూసినట్టు నన్ను చూసింది.

"నా మొగుడి కోసం దణ్ణం పెట్టుకోవడం తప్పని నాచేత రాయిస్తారా? కోర్టుకే పద రోలాండో."

కోర్టులో తన లెక్క నిలవదని అతనికీ తెలుసు, మొహం మాడిపోయింది. నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు ఓ కాగితం మీద గీకి విసిరాడు. ఎర్మీనియా దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుంది. తేదీ లేదని పట్టుకుంది. అది వేయించుకుని గానీ కుర్చీలోంచి లేవలేదు.