అవ్వ వెనక్కి తీసుకున్న మాటలు

పరిశోధన చేస్తున్న ఆ రోజుల్లో నా కంటికి లోకంలో రెండే రకాల మనుషులు కనిపించేవారు: సమ్మతి పత్రం మీద సంతకం పెట్టినవాళ్లు, పెట్టనివాళ్లు. వరి నాట్లకు యంత్రాలు వచ్చాక ఆడవాళ్ల పని ఏమైందన్నది నా పరిశోధన. దానికోసం కన్నడ సీమలో తెలుగువాళ్లూ ఉండే సిరిగేరి ఊరి చుట్టూ తిరిగేవాణ్ణి. ఎవరిని ఏ ప్రశ్న అడగాలన్నా ముందు మా యూనివర్సిటీలోని పరిశోధన నైతికత సహాయ కేంద్రం ఒప్పుకోవాలి. ఆ గదిలో కూర్చునే ఆమెను మేమంతా పర్మిషనక్క అనేవాళ్లం (ఎదురుగా కాదు, అంత ధైర్యం ఎవరికుంది). నా సమ్మతి పత్రాన్ని నాలుగుసార్లు తిప్పి పంపింది. ఐదోసారి పక్కన కూర్చోబెట్టుకుని, జనం మాట్లాడుకునే భాషలోకి తనే దిద్దిపెట్టింది. నాకేమో అదంతా పనిలేని పనిగా తోచేది. ఊళ్లోకి వెళ్లి, సంకల్పం చెప్పే పురోహితుడిలా గబగబా చదివేసి, వేలిముద్రకు ఇంకు డబ్బా చాపేవాణ్ణి.

సిరిగేరిలో నాట్లు వేసే ఒక గుంపుకు పెద్ద ఒక అవ్వ. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. నాలుగో తరగతి దాకా చదివిందట. నా చేతిలోని కన్నడ కాగితం లాక్కుని, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, ముప్పావుగంట చదివింది. నేను గోడమీది బల్లుల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. చెప్పిన మాటలు గుట్టుగా ఉంచుతామన్న చోట వేలు ఆగింది. "ఎవురికీ చెప్పనిదానికి రాసుకునేదెందుకప్పా?" అంది. అయినా సంతకం చేసి, తన కాపీని బియ్యం డబ్బాలో దాచుకుని, రెండు గంటలు మాట్లాడింది. నాట్లతో మొదలైన మాట చెల్లెలి మీదికి మళ్లింది. ఆ చెల్లెలు ఉండేది రెండు వీధుల అవతలే. గుంపును ఎవరు నడపాలన్న గొడవలో ఇద్దరూ విడిపోయారు, పద్దెనిమిదేళ్లుగా మాటల్లేవు. ఆ గొడవంతా అవ్వ కడుపులోంచి తోడి పోసింది. రికార్డింగు విన్న మా గైడు, నీ థీసిస్‌కు ఇదే ప్రాణం అన్నారు. నా కాళ్లు నేలమీద నిలవలేదు.

రెండు వారాలకు అవ్వ బస్సెక్కి మా డిపార్ట్‌మెంటుకే వచ్చింది. చేతిలో కాగితం, వేలు ఒక వాక్యం మీద. "నచ్చకుంటే యాపొద్దైనా మానుకోవచ్చని ఈడ రాసుండాది. నేను చెప్పినవి తీసెయ్యప్పా" అంది. పర్మిషనక్కయితే నచ్చజెబుతుందన్న ఆశతో ఆ గదికి తీసుకుపోయాను. అక్క టీ తెప్పించింది. కారణం చెప్పాల్సిన పనే లేదని నా ముందే అవ్వకు తేల్చి చెప్పింది. అయినా అవ్వ చెప్పింది.

"నీకు చెప్పినాక కడుపు తేలికయ్యిందప్పా. నేనే పోయి చెల్లెల్ని పలకరిస్తి. ఇప్పుడు మాట్లాడ్తాండాది. ఆ పాడుమాటలు ఇంగ యాడా ఉండగూడదు."

పేరు మారిస్తే సరిపోదా అని గొణిగాను. మార్చు, చదివేవాళ్లకు తెలీదు, సిరిగేరికి మాత్రం తెలిసిపోతాది అంది అక్క. ఇక గత్యంతరం లేక, పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా ముఖం పెట్టి, ఫోన్‌లోది చెరిపేశాను. ఇంకేడన్నా ఉండాదా అని అవ్వ అడిగింది. ల్యాప్‌టాప్‌లో కాపీ ఉంది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. లేదనడానికి నోరు కూడా తెరిచాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. అవ్వ నా ముఖంలోకే చూస్తోంది, నేను ఏది చెబితే అది నమ్మేసేలా. "ఇంగొకటి ఉండాదవ్వా" అన్నాను. అదీ పోయింది. ఏడుపొక్కటే తక్కువ నాకు. అవ్వ మాత్రం మా యూనివర్సిటీ ఊళ్లోని కౌల్ బజార్‌లో చెల్లెలికి చీర కొనాలని తొందరపడుతూ, మళ్లీ రమ్మనీ, నాట్ల సంగతి ఇద్దరూ కలిసి చెబుతామనీ చెప్పి ఆటో ఎక్కింది.

వెళ్లాను. అవ్వ చెప్పింది చెల్లెలు కాదనడం, చెల్లెలు చెప్పింది అవ్వ కాదనడం. ఏ మాట ఎవరిదో తేల్చి రాసుకునేసరికి థీసిస్ ఆరు నెలలు వెనకబడింది. (ఆ ఆరు నెలల్లోనే పర్మిషనక్క నన్ను ఒక శిక్షణకు పంపింది. ఇప్పుడు ఆ గదిలో కొత్త పరిశోధకులకు సాయం చేసే ఉద్యోగం నాదే. వెనకాల నన్నేమని పిలుస్తారో అడక్కండి.)

కానీ ఆ ఇద్దరి దగ్గరికి వెళ్లిన రోజు తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది వేరు. రికార్డింగు మొదలుపెట్టకముందు నేను పత్రం చదవబోతే, అవ్వ లాక్కుని చెల్లెలికి తనే చదివి వినిపించింది. "నచ్చకుంటే యాపొద్దైనా మానుకోవచ్చంట" అంది. పెన్ను చాపి, "నువ్వు మాత్రం ఇంగ మాట మానుకోవాకు" అంది. చెల్లెలు తల దించుకుని, అక్క చేతిలోంచి పెన్ను తీసుకుంది. నేను గొంతు సవరించుకుని, అట్లా ఒత్తిడి చేయకూడదవ్వా, రూల్సు ఒప్పుకోవని బుద్ధి చెప్పాను. అక్కాచెల్లెళ్లిద్దరూ నన్ను చూసి, ఒకరినొకరు చూసుకుని, పకపకా నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియక, ఫారంలో 'ఎవరి బలవంతమూ లేదు' అన్నచోట శ్రద్ధగా టిక్కు పెట్టుకున్నాను, పాపం.