మూల గదికి అర్జీ

మా ముత్తాత మూడు ఊళ్ల శిస్తు అనుభవించిన మొఖాసాదారు. ఆయన గుర్రం కనుచూపు దాటేదాకా అరుగుల మీద ఎవరూ కూర్చునేవారు కారట. తాతగారి నాటికి ఊళ్లు పోయి మునసబీ మిగిలింది, దానితోపాటు కొండవాలు దాకా జీడిమామిడి తోటలు. ఉక్కు కర్మాగారం వచ్చినప్పుడు తోటలు సేకరణలో పోయాయి. పరిహారం అందుకున్నవాళ్లలో చాలామంది దాన్ని నాలుగేళ్లలో తినేశారు. తాతగారు గాజువాక పెద్దరోడ్డు మీద రెండంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు కట్టించారు. మధ్యలో ఖాళీ జాగా, అందులో ఫౌంటెన్, చుట్టూ దుకాణాలు, నేలంతా మొజాయిక్. నాన్నగారు దాన్ని నిలబెట్టలేకపోయారు. ఈ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోను. నేను అనవచ్చు.

పై అంతస్తులో మెట్లకు ఎదురుగా ఉన్న మూల గది తాతగారిది. అందులో ఒక పేము కుర్చీ, ఒక బల్ల, ఖాళీ జాగా మొత్తం కనిపించే కిటికీ. కొత్త సంవత్సరం నాడు దుకాణదార్లందరూ వరసగా మెట్లెక్కి వచ్చి ఆయన చేతిలో ఒక్కో నిమ్మకాయ పెట్టేవారు. పెద్దవారిని చూడడానికి ఉత్త చేతులతో వెళ్లకూడదు కదా. మధ్యాహ్నానికి బల్ల మీద పచ్చటి కుప్ప అయ్యేది. ఇంట్లో ఆడవాళ్లు వారం రోజులు ఊరగాయ పెట్టేవారు. ఎవరికైనా కొట్టు కావాలన్నా, కొట్టు మారాలన్నా, ముందు అరుగు మీద బల్ల వేసుకోవాలన్నా, అదే గదిలో అర్జీ ఇవ్వాలి. యారాడ నుంచి చేపలమ్మే ఆవిడ మెట్ల కింద గంప దింపుకోవడానికి రెండేళ్లు అర్జీ పెట్టుకుంది. తాతగారు ఒప్పుకోలేదు. నేనైనా ఒప్పుకునేదాన్ని కాను.

తొంభైల్లో జీతాల రోజు సాయంత్రం ఆ ఖాళీ జాగాలో కాలు పెట్టే చోటుండేది కాదు. ఉక్కునగరం సెక్టార్ల నుంచి బస్సులు దిగి కుటుంబాలకు కుటుంబాలు వచ్చేవి. చాలామంది గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు. బట్టలు కొని, ఫౌంటెన్ గట్టు మీద పిల్లలను కూర్చోబెట్టి ఐస్‌క్రీములు తినిపించేవారు. వాళ్లలో ఒక్కరూ తలెత్తి కిటికీ వైపు చూసేవారు కారు. ఈ కట్టడం దానంతటదే మొలిచిందని వాళ్ల ఉద్దేశం కాబోలు.

నాన్నగారు కింది కొట్లను ఒక్కొక్కటిగా, అందులో అద్దెకున్నవాళ్లకే అమ్మేశారు. ఆయన పోయాక అన్నయ్య హైదరాబాదు నుంచి ఒక్కరోజు వచ్చి పై అంతస్తంతా ఒక బిల్డరుకు రాసిచ్చేసి రాత్రి రైలుకు వెళ్లిపోయాడు. కాఫీ కూడా తాగలేదు. నేను ఇవ్వలేదు. తాతగారు విల్లులో నా పేర రాసిన మూల గది ఒక్కటే మిగిలింది. నాకు పెళ్లి కాలేదు, కాబట్టి డబ్బుకు ఆశపడి దాన్ని అమ్మించే మొగుడూ లేడు. రోజూ పది గంటలకు ఆటోలో వచ్చి, గది తాళం తీసి, ఆ కుర్చీలో కూర్చుని, ఒంటిగంటకు వెళ్లేదాన్ని. అక్కడ ఏం పని అని అడిగేవారు. పని ఉన్నవాళ్లే కూర్చోవాలా?

రెండువేల సంవత్సరం దాటాక జనం తగ్గారు. నగరంలో ఏసీ దుకాణాలు వచ్చాయి. ఇక్కడ ఉప్పుగాలికి ఊచలు తుప్పుపట్టాయి, షట్టర్లు సగంలో బిగుసుకుపోయాయి, ఫౌంటెన్ తొట్టిలో స్కూటర్లు పెట్టేవారు. ఒక ఆదివారం పిట్టగోడ పెచ్చు ఊడి ఫ్యాన్సీ షాపు ముందు పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు కూల్చి కొత్తది కట్టే ఒప్పందం మీద బిల్డరు అందరి సంతకాలు అడిగితే నేనూ పెట్టాను. మా కట్టడం కిందపడి మనిషి చచ్చాడన్న మాట నాకు అక్కర్లేదు.

కట్టబోయేదాని రంగు బొమ్మ పట్టుకుని బిల్డరు మేనేజరు నా గదికి వచ్చాడు. గోదావరి మనిషి. మాటకు రెండుసార్లు అండీ అంటూ ఎదుటివాణ్ణి నేలకు తొక్కే మర్యాద.

"కింద కొట్లేనండీ, మేడంగారూ. పైన ఫంక్షన్ హాలు, డిస్పెన్సరీ, ఆడవాళ్లకి కుట్టు సెంటరు, పేపర్లు చదువుకునే గదండీ. ఆ పైన ఫ్లాట్లు. కమ్యూనిటీ సెంటరండీ! బారసాల దగ్గర్నుంచి పెద్దకర్మ దాకా అన్నీ ఇక్కడే అయిపోతాయండీ."

"ఇందులో నా గది ఎక్కడ?"

"ఎక్కడ కావాలంటే అక్కడేనండీ. ఈ మూలే కావాలంటే ఈ మూలేనండీ. చిన్న అర్జీ రాసివ్వండి, చాలు."

ఒప్పందంలో ఉన్నది అదే. కొత్త కట్టడంలో చోటు కావలసినవాళ్లు గడువులోగా అర్జీ పెట్టాలి. పెట్టనివాళ్లకు చోటుకు బదులు సొమ్ము ముడుతుంది, అంతటితో సరి. చదవకుండా సంతకం పెట్టానని చెప్పుకోను. చదివే పెట్టాను. కాని అర్జీ అన్న మాట మా ఇంటి మనుషులకు వర్తిస్తుందని తోచలేదు. నా గది నాకిమ్మని నేను ఎవడినో అడగడమేమిటి? వాళ్లే వచ్చి ఇవ్వాలి.

గడువు జనవరి ఎనిమిది. జనవరి ఒకటిన గది తెరిచి కూర్చున్నాను. పన్నెండు దాటాక టైలరు మాస్టరు ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు. పాతనగరం ముస్లిం, తాతగారు మొట్టమొదట కొట్టు ఇచ్చిన మనిషి. ఫ్యాక్టరీ కార్మికుల ఖాకీ చొక్కాలు కుట్టీ కుట్టీ వేళ్లు వంకరపోయాయి. ఇప్పుడు దుకాణదార్ల సంఘానికి అధ్యక్షుడు. వయసులో నాకంటే పెద్ద, అయినా తాతగారు పిలిచినట్టే నేనూ నువ్వు అనేదాన్ని.

నిమ్మకాయ నా చేతిలో పెట్టాడు. తరవాత జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. అంతా నింపే ఉంది. నా పేరు, గది నంబరు, "పై అంతస్తు మూల గదే ఇప్పించ ప్రార్థన." సంతకం ఒక్కటే తక్కువ.

"ఇక్కడ ఒక్క సంతకం ఎట్టేయండి అమ్మగారూ. నాను తీసికెళ్లి ఇచ్చేత్తాను. మీరు ఆ ఆఫీసు గుమ్మం ఎక్కక్కర్నేదు."

ప్రార్థన అన్న మాట దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి.

"మా ఇంట్లో అర్జీలు పుచ్చుకున్నారు మాస్టరూ. పెట్టుకోలేదు. నీ అర్జీ ఈ బల్ల మీదే పెట్టావు, మర్చిపోయావా?"

"మర్సిపోనేదు. మీ తాతగారు నా కాయితం మూడు మాట్లు ఎనక్కి ఇచ్చారు. నాలుగో మాటు కూడా పట్టుకొచ్చాను. సిగ్గుపడుంటే కొట్టు వచ్చునా?"

"నువ్వు వేరు."

అతను కాగితం మళ్లీ మడిచాడు.

"నిమ్మకాయ మీకు అలవాటని తెచ్చాను. కాయితం మీకు అవసరమని తెచ్చాను."

"నా అవసరాలు నీతో చెప్పించుకునే రోజు ఇంకా రాలేదు."

"వచ్చీసిందమ్మా. మీరు తలుపు తియ్యట్నేదు, అంతే."

అతను మెట్లు దిగుతుంటే కిటికీలోంచి చూశాను. ఆ ఏడాది వచ్చింది ఒక్కటే నిమ్మకాయ. దాన్ని బల్ల మీదే ఉంచాను, ఎండిపోయేదాకా.

గడువు దాటాక వచ్చిన ఆదివారం అందరినీ ఖాళీ జాగాలో సమావేశపరిచారు. ఫౌంటెన్ చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు. నాకు ఒకటి చూపించారు గాని నేను నిలబడ్డాను. మేనేజరు ఎవరికి ఎక్కడ చోటో చదువుకుపోతున్నాడు. నా వెనక ఫ్యాన్సీ షాపువాడు పక్కవాడి డొక్కలో పొడిచి అడిగాడు.

"ఏటి బావా, మహారాణీ గారి గది ఎవలికి?"

"పేపర్ల గదికంట. ముసిలోళ్లు కూకుంటారంట."

"ఓలమ్మో, ఆవిడ కూకున్నదీ అందుకే గదేటి!"

నవ్వారు. నేను వెనక్కి తిరగలేదు.

"ఆ గది నాది" అన్నాను మేనేజరుతో.

"కాదన్లేదండీ. నాదే అని ఒక్క ముక్క రాసిచ్చుంటే పోయేదండీ. ఎనిమిదో తారీకు సాయంత్రం దాకా మీ గురించే ఆగామండీ." గొంతు తగ్గించాడు. "ఇప్పటికైనా మించిపోలేదండీ. ఏడో తారీకు వేసి సంతకం పెట్టేయండి. అందరూ మనవాళ్లే, ఎవరూ ఏమనరండీ."

ఎవరూ ఏమీ అనలేదు. అంతమంది ఒక్కసారి నోళ్లు మూసుకుని నా వైపు చూస్తే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. టైలరు మాస్టరు లేచి వచ్చాడు. జనవరి ఒకటి నాటి కాగితమే, అతని చొక్కా జేబులోనే ఉంది. మడతల దగ్గర నలిగింది. దాన్ని ఫౌంటెన్ గట్టు మీద పరిచి, ఎగరకుండా అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో పెన్ను చాచాడు.

"ఎట్టేయండమ్మా" అన్నాడు, నాకు మాత్రమే వినిపించేలా.

"దొంగ తేదీ వెయ్యను" అన్నాను, అందరికీ వినిపించేలా.

తేదీ ఒక సాకు. ఆ సంగతి నాకు తెలుసు, మాస్టరుకు తెలుసు. మా తాతగారి కట్టడంలో, మా తాతగారు వేయించిన గట్టు మీద వంగి, వాళ్లందరూ చూస్తుండగా ప్రార్థన కింద సంతకం పెట్టడానికి నా నడుం వంగలేదు. వంచి ఉంటే గది ఉండేది. అతను పెన్ను మూత పెట్టుకున్నాడు. కాగితాన్ని చింపలేదు, నాకివ్వలేదు, జేబులో పెట్టుకుని వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు తరవాత నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు.

గది ఖాళీ చెయ్యమని రెండుసార్లు కబురొచ్చింది. నేను వెళ్లలేదు. తాళంచెవి మాత్రం ఆటోవాడి చేత పంపించాను.

కొత్త కట్టడం తెరిచిన కొన్నాళ్లకు ఒకసారి వెళ్లాను. ముందంతా నీలం అద్దాలు, చూడ్డానికి మందుల సీసాలా ఉంది. మెట్ల పక్కన చేపలవాళ్లకు గట్లు కట్టించారు, కుళాయితో సహా. పైన మూల గది ఉండే చోట పొడుగాటి బల్లలు, రిటైరైన ఉక్కు కార్మికులు పేపర్లు పంచుకుని చదువుకుంటున్నారు. ఒకాయన నిద్రపోతున్నాడు. గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి ఒక ఫారం చాచింది.

"మెంబర్‌షిప్పుకి అప్లికేషన్ నింపండి ఆంటీ. ఇది ఉంటేనే కూర్చోనిస్తారు."

"నిలబడితే?"

"నిలబడితే... అక్కర్లేదు లెండి."

పేపరు తీసుకుని, కిటికీ దగ్గర నిలబడి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఇంచుమించు గంట పట్టింది. కిటికీలోంచి చూస్తే కింద ఫౌంటెన్ లేదు, కార్లు ఉన్నాయి. దిగుతున్నప్పుడు కుట్టు సెంటరులో ఆడవాళ్లకు మాస్టరు కత్తిరింపు నేర్పుతున్నాడు. తలెత్తాడు. నేను ఆగలేదు.

పాత కట్టడంలోని షట్టర్లు, కిటికీ ఊచలు, మెట్ల కటకటాలు ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్టువాడు తూకానికి కొన్నాడు. బల్ల, పేము కుర్చీ కలిపి ఒక టీ కొట్టువాడికి అమ్మేశారు.